ఒదుగుకి మార్కులు

ఏప్రిల్ 6, ఆదివారం

కొత్త కారు వచ్చింది. డెంటిస్టు తనే నడుపుకుంటూ తెచ్చాడు. మూతపడ్డ ఫర్నిచర్ షాపు ముందు ఖాళీలో ఆపి దిగాక, మా ఆదివారం కార్ల గుంపు అందరం దాని చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని తిరిగాం. ఎవరూ ముట్టుకోలేదు కాసేపు.

పేరు నా కారు పేరే. అదే కారుని కంపెనీవాళ్ళు మళ్ళీ మొదటి నుంచి గీశారు. ముందు దీపాలు సన్నగా, ఎండలో కళ్ళు చికిలించినట్టున్నాయి. నాది తీసుకెళ్ళి పక్కన ఆపాను. ఇంటిపేరు ఒకటే అయిన పరాయివాళ్ళలా నిలబడ్డాయి రెండూ.

దీన్ని ఇదే ధరలో ఉన్న మరో రెండింటితో పోల్చాలని తీర్మానం. స్టేషనరీ షాపాయన అక్కడికక్కడే పేర్లు పెట్టేశాడు. లీటరుకి ఎంతిస్తుందన్నది తప్ప ఏ కారు గురించీ ఇంకేదీ అడగడు కాబట్టి ఆయన మాకందరికీ మైలేజీ మావయ్య. ముస్తాబై దిగింది కాబట్టి ఇది కొత్తల్లుడట. దీంతో పోటీకి కాలు దువ్వే రెండోది తోడల్లుడు. ఏళ్ళ తరబడి రూపం మార్చుకోకుండా, ఎవరేమన్నా తలొంచుకుని పడి ఉండే మూడోది ఇల్లరికం.

ఫిజిక్స్ చెప్పే టార్కు మాస్టారు పట్టిక తెచ్చాడు. ఇంజను, కుదుపులు, చోటు, బ్రేకులు, మైలేజీ. చివరి గడి దగ్గర అతని వేలు ఆగింది.

"ఒదుగు తీసేయమంటారా సార్?"

ఎందుకు తీసేయడం, నేను వేస్తాను అన్నాను.

ఆ గడి తనది, మా ఆవిడది. ఇన్నేళ్ళూ ప్రతి కారులోనూ పక్క సీట్లో ఒక రౌండు వచ్చి, చివర్లో పదికి ఇన్ని అని చెప్పేది. మా వీడియోలు చూసేవాళ్ళు ఇంజను గురించి అడిగినా అడక్కపోయినా ఒదుగెంత అని మాత్రం అడుగుతారు. మాస్టారు దాన్ని వీడియోల్లో 'మన గుంపు కనిపెట్టిన కొలత' అని గొప్పగా చెప్పుకుంటాడు.

వేస్తానన్నాను. అదేమంత పని.


ఏప్రిల్ 7

ఒదుగు అంటే సీటు ఒంటికి పట్టడం. వీపుకీ, తొడలకీ. అంతే.


ఏప్రిల్ 9

అమ్మాయి వచ్చింది. బడులు తెరిచాక మధ్యాహ్నాలు చిన్నదాన్ని, నా మనవరాల్ని, నేనే తీసుకురావాలని ఎప్పుడో అనుకున్నాం. ఆమె ఆఫీసు మారింది, అల్లుడిది మరో మూల. ఇప్పుడు ఒక షరతు పెట్టింది. కారు మార్చాలి.

కారుకేమైందన్నాను.

"ఏమీ కాలేదు నాన్నా. ఏమైనా అయితే దాంట్లో ఏముంది? ఒక్క గాలి సంచి లేదు. వెనక బెల్టు గుంజితే మొత్తం చేతికొచ్చింది మొన్న. నువ్వు రోజూ ఊళ్ళోవాళ్ళ లిఫ్టులకి ఇది పనికిరాదు, అది పనికిరాదు అని సీలు వేస్తావు. దీనికి ఏం వేస్తావో నువ్వే చెప్పు."

లిఫ్టయి ఉంటే ఆ రోజే ఆపించేవాణ్ణి.

చిన్నదాన్ని ఆ కారు ఎక్కించనని చెప్పేసింది. కోపంగా చెప్పలేదు. కోపంగా చెప్తే ఏదో ఒకటి అనేవాణ్ణి.

పోలిక ఎలాగూ చేస్తున్నాం కదా, ఆ మూడింట్లో ఒకటి కొనేస్తానన్నాను. ఏది అంది. మార్కులు వేశాక చెప్తానన్నాను. ఆమె నవ్వి టిఫిన్ డబ్బా కడిగి పెట్టి వెళ్ళింది.


ఏప్రిల్ 13, ఆదివారం

మొదటి పరీక్ష. ఫ్లైఓవరు, దాని కింద గతుకుల రోడ్డు, తర్వాత కూరగాయల మార్కెట్టు వెనక సందు. మూడు కార్లూ ఒకదాని వెనక ఒకటి.

కొత్తల్లుడు బాగుంది. అబద్ధం ఎందుకు, చాలా బాగుంది. గతుకుల మీద దాని నడక నీళ్ళ మీద పడవ. తలుపు వేస్తే బయటి ప్రపంచం ఆగిపోతుంది. డెంటిస్టు కళ్ళల్లో నీళ్ళు తిరగడం ఒక్కటే తక్కువ. తోడల్లుడు పరుగులో మేలు, బ్రేకు వేస్తే మాత్రం ముక్కు నేలకి వంచుతుంది. ఇల్లరికంలో ఏసీ నిట్టూరుస్తుంది తప్ప చల్లబడదు, ఇంజను ప్రతి గేరుకీ విసుక్కుంటుంది. మైలేజీ మావయ్య ఒక్కడే దాన్ని మెచ్చుకున్నాడు. కారణం చెప్పనక్కర్లేదు.

సీటు ఒంటికి పట్టడమే ఒదుగైతే కొత్తల్లుడికి తొమ్మిది వేయాలి. అదే చెప్పాను.

మాస్టారు తల గోక్కున్నాడు. "సార్, తప్పుగా అనుకోకండి. రెండేళ్ళ కిందట ఆ పెద్ద జర్మన్ కారు తెచ్చాం కదా. సీట్లు ఎంత బాగున్నాయో. మేడమ్ దానికి మూడిచ్చారు."

అప్పుడు డెంటిస్టుకి గుర్తొచ్చింది. తన చిన్న కారుకి, గుడ్డు పెంకంత కారుకి, ఎనిమిది ఇచ్చిందట. అంటే చోటు కూడా కాదు.

"మా వ్యాను మర్చిపోయారా," అన్నాడు మైలేజీ మావయ్య. "కాగితాల కట్టలు మోసే వ్యాను. సరదాకి దాన్నీ తిప్పాం ఓ ఆదివారం. మీ ఆవిడ తొమ్మిదేసింది దానికి. ఇప్పటికీ మా డ్రైవరు చెప్పుకు తిరుగుతాడు, నాది తొమ్మిది మార్కుల బండీ అని."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వ్యానుకి తొమ్మిదేమిటి.

వచ్చే వారం ఖాయం చేస్తానని గడి ఖాళీగా ఉంచాను.


ఏప్రిల్ 14

ఒదుగు అంటే సందుల్లో పట్టడం అయి ఉంటుంది. బండి ఇరుకులో ఒదిగిపోవడం. గుడ్డు పెంకుకి ఎనిమిది అందుకే. కాని వ్యాను మా వీధి మలుపే తిరగదు.


ఏప్రిల్ 16

కొత్త ఆసుపత్రి భవనంలో తనిఖీ. పేషెంట్లని మంచంతో సహా తీసుకెళ్ళే లిఫ్టు. లిఫ్టు గదినీ మా వృత్తిలో కారే అంటారు. గడపకీ కారుకీ మధ్య సందు ఎంత ఉండాలో రూలుంది. చక్రం దిగకూడదు, చెప్పు మడమ దిగకూడదు. మోకాళ్ళ మీద వంగి ప్రతి అంతస్తులోనూ కొలిచాను. మూడో అంతస్తులో సందు ఎక్కువ. సంతకం పెట్టలేదు.

కాంట్రాక్టరు బతిమాలాడు. "వేలెడంత లేదు కదండీ, దానికోసం ఇంత పట్టుదలా" అన్నాడు.

కొలవనిదానికీ, కొలిస్తే సరిపోనిదానికీ సంతకం పెట్టే అలవాటు నాకు లేదన్నాను. ఇంటికొచ్చాక కూడా ఆ ముక్క మనసులో తిరుగుతూనే ఉంది.


ఏప్రిల్ 20, ఆదివారం

ఈ రోజు నా పాత కారుని కూడా నడిపాం. కంపెనీ ఏం మార్చిందో చూపించాలంటే పాతది ఉండాలి కదా. మాస్టారు నా పక్కన కూర్చున్నాడు, కెమెరాతో. అతను పొడగరి. మోకాళ్ళు డాష్‌బోర్డుకి తగులుతుంటే కిందున్న కడ్డీ లాగి సీటు వెనక్కి జరుపుకున్నాడు.

మామూలు విషయం. ఎవరైనా జరుపుకుంటారు. ఆ తర్వాత రౌండంతా అతనితో ముక్తసరిగా మాట్లాడాను. క్లచ్ గురించి అడిగితే బాగుందన్నాను. బ్రేకుల గురించి అడిగినా బాగుందన్నాను.

ఇంటికొచ్చి సీటు ముందుకి జరపబోయాను. తను కూర్చున్నప్పుడు కింది పట్టాలో ఎన్ని పళ్ళు ముందుకి ఉండేదో తెలియలేదు. ఒకటి జరిపి చూశాను, ఇంకొకటి, మళ్ళీ వెనక్కి. ఎక్కడ పెట్టినా అదే అనిపిస్తోంది, అది కాదనీ అనిపిస్తోంది. ఊళ్ళో ప్రతి లిఫ్టు సందూ కొలిచాను, ఇదొక్కటీ కొలవలేదు.

అమ్మాయికి ఫోన్ చేసి అమ్మ ఎంత పొడవు అని అడిగాను. ఎందుకు నాన్నా అంది. ఊరికే అన్నాను.


ఏప్రిల్ 21

సీటుని మధ్యలో ఎక్కడో వదిలేశాను.


ఏప్రిల్ 26

అమ్మాయి చిన్నదాన్ని తీసుకుని వచ్చింది. చిన్నది నా లిఫ్టు టార్చి పట్టుకుని సోఫా కింద తనిఖీ చేసింది. ఇది పనికిరాదు తాతయ్యా అని తేల్చింది.

అమ్మాయిని మాటల్లో అడిగాను, అమ్మ ఒదుగు అనేది కదా, దానర్థమేమిటని.

ఆమె చపాతీ పిండి కలుపుతోంది. ఆలోచించకుండానే చెప్పింది. "ఏముంది, సర్దుకుపోవడమేగా. నన్ను ఎప్పుడూ అదే అనేది. నలుగురిలో ఒదిగుండు, అత్తగారింట్లో ఒదిగుండు. అమ్మ కూడా అలాగే ఉండేది కదా. ఎక్కడైనా సర్దుకుపోయేది."

చేతి పిండి దులుపుకుంటూ నా వైపు చూసి మళ్ళీ అంది. "ఆదివారం ఆదివారం ఆ కార్ల మధ్య కూర్చోవడం అమ్మకేం సరదా అనుకున్నావు నాన్నా? నీ కోసం వచ్చేది."

తప్పేమీ అనలేదు. ఆమెకి తెలిసింది ఆమె చెప్పింది.

చపాతీలు బాగున్నాయి. రెండు తిన్నాను.


ఏప్రిల్ 27, ఆదివారం

వెళ్ళలేదు. జలుబని చెప్పాను.


ఏప్రిల్ 29

సర్దుకుపోవడమే అయితే, పదికి ఇన్ని అని చెప్పిన మార్కులన్నీ ఓర్పుకి కొలతలా. మూడు అంటే మూడు పాళ్ళే ఓర్చుకోగలనని. తొమ్మిది అంటే ఎలాగో పడి ఉండగలనని. మేం దాన్ని 'మన గుంపు కనిపెట్టిన కొలత' అని చెప్పుకున్నాం.

అలా అయి ఉండదు. తను నవ్వుతూ చెప్పేది మార్కులు.

తను అన్నీ నవ్వుతూనే చెప్పేది.


ఏప్రిల్ 30

నా కారుకి తను ఎన్ని వేసిందో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. అది పోలికలోకి రాలేదు. అది మాది కదా.


మే 3

చివరిసారి తను వెళ్ళింది మా కారులో కాదు. సైరన్ వేసుకుని వెళ్తున్న బండి వెనక నేను నడుపుకుంటూ వెళ్ళాను. ఎవరో హడావిడిలో తన చెప్పులు నా పక్క సీట్లో పడేశారు. మలుపు తిరిగినప్పుడల్లా అవి జారాయి. సీటు మీద నుంచి పడిపోకుండా ఎడమ చేత్తో పట్టుకుని నడిపాను.

దీన్ని ఇక్కడ ఎందుకు రాశానో తెలియదు. షోరూముకి వెళ్దామని కూర్చున్నాను, ఇది రాశాను.


మే 4, ఆదివారం

షోరూము. నేల మీద నా ముఖం కనపడుతోంది. టై కట్టుకున్న కుర్రాడు నన్ను అంకుల్ అన్నాడు, తర్వాత సార్ అన్నాడు, నా కారు చూసి మళ్ళీ అంకుల్‌కి దిగాడు. పాతది మార్చుకుంటారట. బడులు తెరిచేలోపు కావాలంటే ఈ నెలలోనే మాట ఇవ్వాలి.

కొత్తల్లుణ్ణి ఒంటరిగా నడిపి చూస్తానన్నాను. కుర్రాడు వెనక సీట్లో ఎక్కాడు. నా కొలతల సామాను సంచి పక్క సీట్లో పెట్టాను, బరువైనది. కదలగానే కారు మోగడం మొదలుపెట్టింది. పక్క సీట్లో మనిషి బెల్టు పెట్టుకోలేదని తెర మీద ఎర్రగా చూపిస్తోంది. సంచి అని చెప్తే దానికెలా అర్థమవుతుంది. సంచికి బెల్టు పెట్టాను. ఊరుకుంది.

చాలా నెమ్మదిగా నడిపాను.

బాగుంది. కదులుతున్నట్టే లేదు. గేర్లు అవే మారతాయి. మధ్యలో గేరు కర్ర బదులు గుండ్రటి బొడిపె ఒకటి, చేతి బ్రేకుకి బదులు ఒక మీట. రెండు సీట్ల మధ్య ఎత్తైన దిమ్మ, పైన తోలు, మూత తీస్తే చల్లటి నీళ్ళ సీసాకి గూడు. కుర్రాడు వెనక నుంచి అన్నీ చెప్పాడు. డ్రైవరు చోటు విమానం నడిపేవాడి గదిలా ఉంటుందట.

ఏ లోపమూ లేదు. అమ్మాయికి ఫోన్ చేసి కొత్తల్లుడే అని చెప్పాను. సంతోషించింది. అల్లుడు వెనక నుంచి, "పాతల్లుడి సంగతేంటి మావయ్యగారూ" అన్నాడట. నాకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది.

ఒదుగుకి తొమ్మిది వేసేద్దామనుకున్నాను. ఎవరడుగుతారు.

కలం తీశాను, వేయలేదు.


మే 7

మూడో అంతస్తు గడప సరిచేశారు. సంతకం పెట్టాను. కాంట్రాక్టరు నమస్కారం పెట్టి, మీలాంటివాళ్ళతో పెట్టుకోకూడదండీ అన్నాడు. మెచ్చుకోలో తిట్టో తెలియలేదు. ఈ మధ్య ఏదీ తెలియడం లేదు.


మే 11, ఆదివారం

ఈ రోజు జరిగింది వరసగా రాయాలి.

మైలేజీ మావయ్య వాళ్ళావిడని తీసుకొచ్చాడు. ఆయన మావయ్య కాబట్టి ఆవిడ అందరికీ అత్తయ్య. లావుపాటి మనిషి, మాట పదును. వాళ్ళ స్కూటరు మరమ్మతుకిచ్చి ఇద్దరూ ఆటోలో దిగారు. షాపు మెట్ల మీద, తనూ ఆవిడా ఎప్పుడూ కూర్చునే చోట కాసేపు కూర్చుని, మేం చిత్రీకరణ చేస్తుంటే చూసింది. ఎండ ఎక్కాక విసుగొచ్చి, ఏదో ఒక కారులో మమ్మల్ని ఇంటి దగ్గర దింపండర్రా అంది.

డెంటిస్టు మర్యాద చేసి కొత్తల్లుడి తాళం మావయ్యకే ఇచ్చాడు. మీరే నడపండి, నేను వెనక కూర్చుంటానన్నాడు. నేనూ వెనక ఎక్కాను, మా వీధి వాళ్ళ దారిలోనే కాబట్టి. కారణం అంతకుమించి ఏమీ లేదు.

అత్తయ్య ముందు కూర్చుంది. బెల్టు పెట్టుకుంది. మావయ్య బయల్దేరాడు. ఆయన గంటకి ఇరవై దాటడు, మైలేజీ పడిపోతుందని.

కొంచెం దూరం వెళ్ళాక ఆవిడ ఆయనకేదో చెప్పబోయి పక్కకి ఒరిగింది. దిమ్మ అడ్డం తగిలింది. సర్దుకుని ఇంకో వైపు నుంచి ప్రయత్నించింది. మోచెయ్యి దిమ్మ మీద పెట్టింది, అది ఎత్తు, భుజం లేచింది. తీసేసింది. చివరికి దిమ్మని అరచేత్తో రెండు సార్లు తట్టింది.

"ఏమయ్యా డాక్టరూ, మధ్యలో ఈ అరుగేంటి?"

డెంటిస్టు చెప్పాడు. నీళ్ళ సీసాకి గూడు, చెయ్యి ఆనించుకోవడానికి తోలు.

"చెయ్యి ఆనించుకోవడానికి ఈయన లేడూ? ఇంత డబ్బు పోసి మొగుడికీ పెళ్ళానికీ మధ్య అరుగు కట్టించుకుంటారా ఎవరైనా? ఏదైనా చెప్పాలంటే ఉత్తరం రాసి పడెయ్యాలి."

మావయ్య రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా అన్నాడు. "అందుకే చెప్తున్నా డాక్టరూ, నాకు ఈ కారు నచ్చింది."

"మన వ్యానే నయం," అంది అత్తయ్య. "ముందు బల్లలా ఒకటే సీటు. బ్రేకేస్తే వచ్చి ఈయన మీద పడేదాన్ని."

డెంటిస్టు పగలబడి నవ్వాడు. నేను దిగాల్సిన మలుపు దాటిపోయింది. చెప్పలేదు.


మే 12

వ్యానుకి తొమ్మిది.


మే 14

గుడ్డు పెంకు కారులో రెండు సీట్ల మధ్య ఏమీ పట్టదు. జర్మన్ కారులో మధ్యలో ఒక మనిషి పడుకోవచ్చు. వ్యానులో బల్ల సీటు. గుర్తొచ్చినవన్నీ ఒక్కొక్కటే తీసి చూశాను. తను తక్కువ వేసినవన్నీ మధ్యలో దిమ్మ ఉన్నవే. ఒకటి రెండు సరిపోవడం లేదు. అప్పుడెప్పుడో తిప్పిన ఎర్రకారుకి దిమ్మ లేదు, నాలుగే వేసింది. ఆ వేళ మా ఇద్దరికీ మాటల్లేవు అనుకుంటాను. దేనికో గుర్తులేదు. అది కారు తప్పు కాదు.

నా పాత కారులో మధ్యన చేతి బ్రేకు, గేరు కర్ర. అంతే. మూడో గేరు వేసినప్పుడల్లా నా ఎడమ మోచెయ్యి తన మోచేతికి తగిలేది. ఒకటీ, రెండూ అప్పుడు తగిలేది కాదు. కర్ర ముందుకి వెళ్ళి మధ్యలో నిలిచినప్పుడు, చెయ్యి పక్కకి తెరుచుకుని, తగిలేది. కాస్త జరుగు, గేరు వెయ్యాలి అనేవాణ్ణి. జరిగేది. నాలుగు వేసేసరికి మళ్ళీ అక్కడే ఉండేది. రోడ్డు మీద ఎన్ని మలుపులుంటే అన్నిసార్లు.

తను కూర్చున్న సీటు బాగా ముందుకి ఉండేదని మాత్రం తెలుసు. కాళ్ళు పొట్టి కాబట్టి అనుకునేవాణ్ణి.

ఇదంతా నేను కల్పించుకున్నదేనేమో. మొన్నటిదాకా సీటు వీపుకి పట్టడమని ఇంతే గట్టిగా అనుకున్నాను. సందుల్లో పట్టడమనీ అనుకున్నాను. అమ్మాయి చెప్పింది సర్దుకుపోవడం. ఒకే మాట, అది అటూ తిరుగుతుంది, ఇటూ తిరుగుతుంది. ఒదిగి ఉండేవాళ్ళూ ఒదుగుతారు, ఒళ్ళో పిల్లలూ ఒదుగుతారు. తను ఏది అందో అడగడానికి లేదు.

వ్యానుకి తొమ్మిది అని చెప్పినప్పటి ముఖం గుర్తు తెచ్చుకోవాలని చూశాను. మావయ్య వ్యాను నేనే నడిపాను ఆ రోజు. గేరు గట్టిది. దాన్ని తిట్టుకుంటూ రోడ్డే చూస్తున్నాను.


మే 15

అమ్మాయికి చెప్పాలా వద్దా. ఏమని చెప్పాలి. మీ అమ్మ సర్దుకుపోలేదమ్మా, ఇదిగో వ్యాను సాక్ష్యం అనా.


మే 16

చెప్పాను. ఫోనులోనే, రెండు ముక్కల్లో.

ఫోను పెట్టేసిందేమో అనుకున్నాను.

"నేను వెనక సీట్లో కూర్చునేదాన్ని కదా నాన్నా," అంది చివరికి. "వెనక నుంచి నాకు మీ ఇద్దరి తలలే కనపడేవి. మధ్యలో ఎప్పుడూ సందుండేది కాదు. ముందున్న రోడ్డు కనపడదని గోల పెట్టేదాన్ని."

తర్వాత కొంచెం పట్టుదలగా, తన పాత మాటనీ వదల్లేదు. సర్దుకుపోవడం కూడా నిజమే నాన్నా, రెండూ అయి ఉండొచ్చు అంది.

అయి ఉండొచ్చు అన్నాను.


మే 18, ఆదివారం

పోలిక చివరి రోజు. మాస్టారు కెమెరా పెట్టి అందరినీ వరసగా నిలబెట్టాడు. ఇంజను తోడల్లుడిది. కుదుపులు, నిశ్శబ్దం, చోటు, అన్నీ కొత్తల్లుడివి. మైలేజీ ఇల్లరికానిది, దానికి మావయ్య చప్పట్లు కొట్టాడు, ఒక్కడే.

ఒదుగు నా వంతు.

కొత్తల్లుడికి రెండు. తోడల్లుడికి మూడు. దిమ్మే లేని ఇల్లరికానికి ఏడు.

డెంటిస్టు నోరు తెరిచాడు. ఇతరుల నోళ్ళు తెరిపించే మనిషి తన నోరు తెరవడం అదే మొదటిసారి చూడటం. మాస్టారు కెమెరా ఆపలేదు కాని, గొంతు తగ్గించి, చూసేవాళ్ళకి కొంచెం వివరించండి సార్, దేన్ని బట్టి అన్నాడు.

వివరం సిద్ధం చేసుకునే వెళ్ళాను. సెంటీమీటర్లలో. మూడు కార్లలోనూ సీటుకీ సీటుకీ మధ్య దూరం, దిమ్మ ఎత్తు. జేబులో చీటీ ఉంది. తీయలేదు.

"అది పక్కన మనిషి కూర్చున్నాక వేయాల్సిన మార్కు," అన్నాను. "నేను ఒక్కణ్ణే కూర్చుని వేశాను. అంచనా మాత్రమే. ఇంట్లోవాళ్ళని తీసుకెళ్ళి మీరు సరిచూసుకోండి."

రోడ్డు మీద ఏదో లారీ వెళ్ళింది. మైలేజీ మావయ్య మెల్లగా వచ్చి నా పక్కన నిలబడ్డాడు, బాగా దగ్గరగా, మోచెయ్యి తగిలేటంత. కెమెరా వైపే చూస్తూ, "మరి ఏది కొంటున్నావయ్యా" అన్నాడు.

ఇల్లరికం అన్నాను.

"అందులో ఏసీ పని చెయ్యదు."

తెలుసు అన్నాను.


మే 20

అమ్మాయి గొడవ పెట్టుకుంది. కొత్తల్లుడన్నావు కదా అని. ఇల్లరికంలోనూ ఆరు గాలి సంచులున్నాయి, వెనక పిల్లల సీటు బిగించే కొక్కేలున్నాయి, అన్నీ కొలిచాను, సంతకం పెట్టి ఇస్తానన్నాను. అయితే ఎందుకు మార్చావు అంది.

గేర్లు నేనే వేసుకోవాలి అన్నాను.

ఎండాకాలంలో చిన్నదానికి చెమటకాయలొస్తే నీదే పూచీ అంది.


మే 29

పాతది తీసుకెళ్ళారు. కొన్నవాడు సీటు ఎక్కి కూర్చుని, పక్క సీటు చూసి, ఇదేంటండీ ఇలా మధ్యలో ఎక్కడో ఉంది అంటూ చివరిదాకా వెనక్కి తోశాడు.

తోసుకోనిచ్చాను.


జూన్ 9

బడి తెరిచారు.

చిన్నదాన్ని వెనక పిల్లల సీట్లో కూర్చోబెట్టి మూడు బెల్టులూ బిగించి రెండు సార్లు లాగి చూశాను. అద్దంలోంచి నన్నే చూస్తోంది. చెమట పడుతోంది తాతయ్యా అంది. పడుతుంది అన్నాను.

"ముందు ఎవరు కూర్చుంటారు?"

ఎవరూ కూర్చోరన్నాను.

"మరి నా సంచి కూర్చోవచ్చా?"

తీసుకుని ముందు పెట్టాను. ఇల్లరికం ఏమీ మోగలేదు. దానికంత తెలివి లేదు.

వీధి చివరిదాకా ఒకటి, రెండు. పెద్ద రోడ్డు మీదికి తిరిగి మూడో గేరు వేశాను. చెయ్యి పక్కకి తెరుచుకుంది. మోచేతికి ఏమీ తగల్లేదు.

అడ్డం కూడా ఏమీ లేదు.